అపార్ట్‌మెంట్ పూల్‌కి లైఫ్‌గార్డు తప్పనిసరా, బోర్డు పెడితే సరిపోదా?

నమస్తే అండి. మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది. మీది హైదరాబాద్‌లో 180 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. పెద్ద పూల్ లోతు 4 అడుగులు. మధ్యలో మొక్కల గోడ, దాని అవతల ఒకటిన్నర అడుగు పిల్లల పూల్. బిల్డర్ చేతి నుంచి అసోసియేషన్ చేతికి వచ్చాక ఇదే మొదటి ఎండాకాలం. ఇద్దరు లైఫ్‌గార్డులకి ఏజెన్సీ నెలకి 48 వేలు అడిగింది. కమిటీలో ఒకాయన "నాలుగడుగుల నీళ్లకి లైఫ్‌గార్డు ఎందుకండీ" అన్నారు. అమెరికా నుంచి వచ్చిన ఇంకొకాయన "అక్కడ మా అపార్ట్‌మెంట్‌లో 'లైఫ్‌గార్డు లేడు, మీ బాధ్యత మీదే' అని బోర్డు ఉండేది, అంతే" అన్నారు. మూడో ఆయన "సాయంత్రం కోచ్ వస్తున్నాడుగా, ఆయన చూసుకుంటాడు" అన్నారు. సెక్రటరీగా ఈ ఆదివారం మీటింగ్‌లో మీరు జవాబు చెప్పాలి.

నా జవాబు: కావాలి. పిల్లలు దిగే పూల్ తెరిచి ఉన్నంతసేపూ, నీళ్లు చూడటం తప్ప ఇంకే పనీ లేని మనిషి ఒకరు అక్కడ ఉండాలి. డబ్బు సరిపోకపోతే పూల్ తెరిచే గంటలు తగ్గించండి, మనిషిని మాత్రం తగ్గించొద్దు. మీ పూల్‌కి రెండు భాగాలున్నాయి, మధ్యలో గోడ వల్ల ఒక కుర్చీ నుంచి రెండూ కనపడవు కాబట్టి, రెండూ ఒకేసారి తెరిస్తే ఇద్దరు కావాలి. ఒక్కడే ఉంటే ఒక పూల్ మూసేయాలి.

నేను పోటీ ఈత నుంచి ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. లైఫ్‌గార్డులకి శిక్షణ ఇస్తాను, హైదరాబాద్, విశాఖల్లో కమ్యూనిటీ పూళ్ల నిర్వహణ చూస్తాను. కింద రాసేదంతా అక్కడ చూసిందే.

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, మీటింగ్‌లో మొదటి ప్రశ్న అదే వస్తుంది. స్థానిక సంస్థ మీ పూల్‌కి ఏం షరతులు పెట్టిందో మీ ప్రాంత మునిసిపల్ కార్పొరేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. బిల్డర్ ఇచ్చిన ఫైల్లో అనుమతి కాగితాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. అయితే ఆ కాగితంలో లైఫ్‌గార్డు మాట లేనంత మాత్రాన మీరు బయటపడినట్టు కాదు. ప్రమాదం జరిగితే పోలీసులు కట్టే కేసు నిర్లక్ష్యం వల్ల మరణం కింద. పాత ఐపీసీ 304ఏలో దీనికి గరిష్ఠంగా రెండేళ్ల శిక్ష ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే నేరం సెక్షన్ 106 కిందకి వచ్చింది, గరిష్ఠ శిక్ష ఐదేళ్లయింది. ఎఫ్ఐఆర్‌లో పేరు ఎవరిది రాస్తారు? పూల్ తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. అంటే అసోసియేషన్ ప్రెసిడెంట్, సెక్రటరీ, ఏజెన్సీ మేనేజర్. మీరు జీతం లేకుండా చేస్తున్న పదవి కదా అని ఎవరూ ఊరుకోరు.

"మీ బాధ్యత మీదే" బోర్డు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బోర్డు ఉండాలి, వద్దనను. కానీ ఆరేళ్ల పిల్ల ఆ బోర్డు చదివి ఒప్పుకున్నట్టు ఏ జడ్జీ దగ్గరా వాదించలేం. మైనరుతో ఒప్పందమే చెల్లదు. తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకున్న కాగితం కూడా క్రిమినల్ కేసుని ఆపదు.

అమెరికా ఉదాహరణ తెచ్చినాయన చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు. అక్కడ రాష్ట్రానికో నిబంధన. కాలిఫోర్నియా తీసుకుంటే, టికెట్ పెట్టి జనాన్ని దింపే పూల్‌కి లైఫ్‌గార్డు తప్పనిసరి. అపార్ట్‌మెంట్ పూళ్ల లాంటి మిగతా వాటికి లైఫ్‌గార్డైనా ఉండాలి, లేడని స్పష్టంగా చెప్పే బోర్డైనా ఉండాలి. ఆయన చూసింది ఆ బోర్డే. దాని కింద ఇంకో లైను ఉంటుంది: 14 ఏళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా దిగకూడదు. దానితోపాటు పూల్ చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు, గోడకి వేలాడే పొడుగాటి కర్ర, తాడు కట్టిన రింగ్ కూడా ఉండాలి. నీళ్లు లాగే అడుగు జాలీలకి 2007లో ఏకంగా దేశం మొత్తానికీ చట్టం చేశారు. ఏడేళ్ల పాప ఒకతె స్పా (వేడినీళ్ల తొట్టి) జాలీ లాగే ఒత్తిడికి అడుగున ఇరుక్కుని 2002లో చనిపోయింది, ఆ చట్టానికి ఆ పాప పేరే పెట్టారు. అవన్నీ పెట్టుకున్న చోట బోర్డుకి ఒక అర్థం ఉంది. మనం వాటన్నిటినీ వదిలేసి బోర్డొక్కటే తెచ్చుకుంటామంటే ఎలా? ఈసారి ఆయన ఆ మాటంటే "సరే సార్, మిగతావి కూడా పెట్టిద్దాం, ఎస్టిమేట్ వేయించండి" అనండి.

ఇక నాలుగడుగుల లోతు. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు. ఏడేళ్ల పిల్లల ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, నోరు, ముక్కు ఇంకా కింద ఉంటాయి. అంటే రెండో తరగతి పిల్ల మీ పూల్‌లో నేల మీద నిలబడితే తల పూర్తిగా మునుగుతుంది. పైగా బోర్డు మీద రాసిన 4 అడుగులు అంచు దగ్గర లెక్క. నీళ్లు పోయే జాలీ వైపు నేల వాలుగా ఉంటుంది. ఒక కర్రకి టేపు కట్టి మీరే కొలవండి, నాలుగని రాసిన చోట నాలుగున్నర ఉన్న పూళ్లు నేను చాలా చూశాను. పెద్దవాళ్లకైనా లోతు ఒక్కటే కాదు ప్రమాదం. ఫిట్స్ వచ్చే మనిషికి, తాగి దిగిన మనిషికి, గుండెపోటు వచ్చిన మనిషికి నడుం లోతు నీళ్లు చాలు. ఊపిరి బిగబట్టి ఎవరు ఎక్కువసేపు ఉంటారో అని పందెం వేసుకునే కుర్రాళ్లకీ అంతే. దిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి కావాలని ఒళ్లు చెప్పేలోపే స్పృహ పోతుంది. వీళ్లు బాగా ఈత వచ్చినవాళ్లే, అందుకే ఎవరూ వాళ్లని చూడరు. మీ నిబంధనల్లో ఊపిరి పందేలు నిషేధం అని ఒక లైను చేర్చండి.

మునగడం ఎలా ఉంటుందో కమిటీ వాళ్లందరికీ చెప్పాలి. సినిమాల్లో లాగా చేతులు ఊపడం, "కాపాడండి" అని అరవడం ఉండదు. న్యూయార్క్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన ఇది గమనించి, విడమర్చి చెప్పారు. మనిషి నీళ్లలో నిటారుగా ఉంటాడు. తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు నీటిమట్టం దగ్గర మునుగుతూ తేలుతూ ఉంటుంది. చేతులు రెండు పక్కలకీ చాపి నీళ్లని కిందికి నొక్కుతుంటాడు, కనిపించని నిచ్చెన ఎక్కుతున్నట్టు. కాళ్లు కదలవు. పిల్లలైతే జుట్టు కళ్ల మీద పడినా తోసుకోరు. ఊపిరి తీసుకోడానికే వ్యవధి ఉండదు కాబట్టి గొంతు రాదు. ఇది 20 నుంచి 60 సెకన్లు, తర్వాత కిందికి పోతాడు. దూరం నుంచి చూసే తల్లికి "మా వాడు ఆడుకుంటున్నాడు" అనిపిస్తుంది. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చదివి జవాబు రాసేంత సమయం అది.

అందుకే లైఫ్‌గార్డుల శిక్షణలో 10, 20 అని ఒక లెక్క ఉంది. తన పరిధిలోని నీళ్లన్నిటినీ, అడుగుతో సహా, 10 సెకన్లలో ఒకసారి చూడగలగాలి. ఏదైనా తేడా కనిపిస్తే ఇంకో 20 సెకన్లలో ఆ మనిషిని చేరగలగాలి. ఈ లెక్క పట్టుకుంటే మీ మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు వచ్చేస్తుంది.

కోచ్ సంగతి చూడండి. కోచ్ నీళ్లలో ఉంటాడు, ఒక పిల్ల నడుం కింద చెయ్యి పెట్టి కాళ్లు కొట్టిస్తుంటాడు. కళ్లు ఆ కాళ్ల మీద ఉండాలి, అందుకే మీరు డబ్బిస్తున్నారు. ఆ సమయంలో వీపు వెనక మిగతా పూల్ ఉంటుంది. ఆయన దగ్గర ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా ఉన్నా సరే, అది ఈత నేర్పడానికి. నా పూళ్లలో కోచ్‌లకి ఒకటే షరతు: కుర్చీలో లైఫ్‌గార్డు కూర్చునే దాకా బ్యాచ్ నీళ్లలోకి దిగదు. మంచి కోచ్‌లు దీన్ని ఎప్పుడూ కాదనరు, వాళ్లకి కూడా రక్షణే కదా.

సెక్యూరిటీ గార్డుని పూల్ దగ్గర నిలబెట్టడం గురించి మీరు అడగలేదు కానీ, ఏజెన్సీ తప్పకుండా ఆ మాట తెస్తుంది. ఈత రాని మనిషిని నీళ్ల పక్కన నిలబెడితే ప్రాణం పోయేవాళ్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది. 2024 నవంబరులో మంగళూరు పక్కన ఉల్లాల్ దగ్గర ఒక రిసార్ట్ పూల్‌లో మైసూరు నుంచి వచ్చిన ముగ్గురు అమ్మాయిలు చనిపోయారు. ఒకమ్మాయి లోతులో చిక్కుకుంటే ఆమెని పట్టుకోడానికి ఇంకో అమ్మాయి, ఆ ఇద్దరి కోసం మూడో అమ్మాయి. అక్కడ లైఫ్‌గార్డు లేడు. జరిగిందంతా సీసీటీవీలో రికార్డయింది, ఆ ఫుటేజ్ దేశమంతా చూసింది. రిసార్ట్ యజమానినీ, మేనేజర్‌నీ అరెస్టు చేశారు. "కెమెరాలు పెట్టాం కదా" అనేవాళ్లకి ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

ఇప్పుడు అసలు విషయం. లైఫ్‌గార్డుని పెట్టుకోవడం తేలిక, వాణ్ణి నీళ్లు చూడనివ్వడమే కష్టం. నేను సలహా ఇచ్చిన ఒక కమ్యూనిటీలో మంచి కుర్రాణ్ణి పెట్టారు, సర్టిఫికెట్ ఉంది, ఈత అద్భుతంగా వచ్చు. నెల తిరిగేసరికి ఎవరెవరు ఏ ఫ్లాటో రిజిస్టర్‌లో రాయించడం వాడి పనైంది. టోపీ లేనివాళ్లని వెనక్కి పంపడం, కుర్చీలు సర్దడం, "తమ్ముడూ, ఆ టవల్ ఇటివ్వు" అంటే ఇవ్వడం, ఆకులు తీయడం కూడా. ఒకరోజు గేటు దగ్గర ఫ్లాట్ నంబరు గురించి ఎవరితోనో వాదన జరుగుతుంటే, వెనక నీళ్లలో ఐదేళ్ల బాబు మునుగుతున్నాడు. పక్కన ఉన్న ఒక తల్లి చూసి లాగింది, బాబు బతికాడు. తర్వాత కమిటీ ఆ కుర్రాణ్ణి తీసేసింది. నన్నడిగితే రిజిస్టర్ వాడి చేతికిచ్చినవాళ్లని అడగాలి. రిజిస్టర్, టోపీ, స్నానం చేశారా లేదా, గెస్ట్ ఎవరు, ఇవన్నీ గేటు దగ్గర సెక్యూరిటీ పని. లైఫ్‌గార్డు ఫోన్ లాకర్లో ఉండాలి, మెడలో విజిల్ ఉండాలి, ఒళ్లో రెస్క్యూ ట్యూబ్ (మునిగేవాళ్లకి అందించే, నీళ్లలో తేలే ఫోమ్ పట్టీ) ఉండాలి. రెసిడెంట్లు వాడితో మాట్లాడటానికి వస్తే వాడు మొహం తిప్పకుండా జవాబు చెప్పాలి. అది పొగరు కాదని అందరికీ సర్క్యులర్ పంపండి, లేకపోతే మొదటి వారంలోనే కంప్లయింట్ వస్తుంది.

కుర్చీ ఎక్కడ వేయాలో ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ చూసి తేల్చకండి. సాయంత్రం నాలుగున్నరకి వెళ్లండి, పూల్ నిండా జనం ఉండే వేళ అదే. పడమటి ఎండ నీళ్ల మీద పడి ఒక మూల అద్దంలా మెరుస్తుంది, ఆ మూలలో అడుగున ఏముందో కనపడదు. ఒక పాత బొమ్మకి నల్ల టీషర్టు తొడిగి, రాయి కట్టి, అడుగున పడేయండి. కుర్చీలో కూర్చుని చూడండి. కనపడకపోతే కుర్చీ ఇంకో వైపుకి మార్చండి. నిచ్చెన కింద, మెట్ల పక్కన, మొక్కల గోడ అంచున, ఓవర్‌ఫ్లో గట్టు కిందా అలాగే పెట్టి చూడండి. మీ పిల్లల పూల్ పెద్ద పూల్ కుర్చీ నుంచి కనపడదని నేను ముందే రాసింది అందుకే. మొక్కలు కొట్టేస్తే కనపడొచ్చు, అప్పుడు లెక్క మారుతుంది. అది ల్యాండ్‌స్కేప్ కమిటీతో మీ గొడవ. ఒకటిన్నర అడుగే కదా అని ఆ పూల్‌ని వదలొద్దు, పసిపిల్లలు బకెట్ నీళ్లలో పోతున్నారు.

ఒక లైఫ్‌గార్డు ఎంతమందిని చూడగలడు? నేను 20 మంది దాటనివ్వను, అందులో ఈత రాని పిల్లలు ఎక్కువుంటే ఇంకా తగ్గిస్తాను. ఇది నా పద్ధతి, చట్టంలోని అంకె కాదు. ఏప్రిల్, మే ఎండల్లో గొడుగు లేకుండా కూర్చోబెడితే అరగంటలో వాడి కళ్లు నీళ్ల మీద ఉన్నా బుర్ర ఉండదు. ఇద్దరుంటే 30 నిమిషాలకి మార్చుకుంటారు. ఒక్కడే ఉంటే 45 నిమిషాలు ఈత, 15 నిమిషాలు అందరూ బయటికి. విజిల్ వేయగానే అందరూ గట్టు మీదికి రావాలి. మొదట్లో గొణుగుతారు, తర్వాత ఆ 15 నిమిషాల్లోనే పిల్లలు మంచినీళ్లు తాగుతారు, బాత్రూంకి వెళ్తారు. మీ నీళ్లు కూడా శుభ్రంగా ఉంటాయి, ఇది పైకి చెప్పుకునే లాభం కాదు కానీ లాభమే.

ఆడవాళ్ల బ్యాచ్ గురించి విడిగా రాయాలి, ఎందుకంటే మన దగ్గర నిఘా పూర్తిగా పోయేది అక్కడే. చాలా కమ్యూనిటీల్లో ఉదయం పదింటికో పదకొండింటికో లేడీస్ టైం ఉంటుంది. చుట్టూ తెర కడతారు. లైఫ్‌గార్డు మగాడు కాబట్టి "నువ్వు తెర బయట నిలబడు, అవసరమైతే పిలుస్తాం" అంటారు. మునిగేవాళ్లు పిలవలేరని పైనే చెప్పాను. పైగా ఆ బ్యాచ్‌లో ముప్పై, నలభై ఏళ్లకి మొదటిసారి నీళ్లలోకి దిగేవాళ్లే ఎక్కువ. కొందరు చుడీదార్‌తోనో, కాటన్ టీషర్టూ లెగ్గింగ్స్‌తోనో దిగుతారు. తడిస్తే ఆ బట్ట బరువెక్కి కిందికి లాగుతుంది. పక్కన ట్యూబు వేసుకున్న పిల్లలు కూడా ఉంటారు. తెర వెనక వీళ్లందరూ ఉంటారు, చూసేవాళ్లు మాత్రం ఉండరు.

దీనికి ఆడ లైఫ్‌గార్డుని అడగండి. దొరకడం కష్టం, అయినా అసాధ్యం కాదు. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఈదిన అమ్మాయిలు నగరంలో ఉన్నారు, పార్ట్‌టైం పనికి వస్తారు, లైఫ్‌గార్డు కోర్సు చేయించాలి. నేను చూసే ఒక చోట అలా దొరక్క, బాగా ఈత వచ్చిన ఇద్దరు రెసిడెంట్ ఆడవాళ్లకే కోర్సు చేయించాం. బ్యాచ్ రోజుల్లో వాళ్లలో ఒకరు ఈదరు, గట్టు మీద కూర్చుంటారు, వంతులు వేసుకున్నారు. వాళ్లిద్దరికీ మెయింటెనెన్స్‌లో తగ్గింపు ఇచ్చారు. ఉచితంగా చేయించుకుంటే మూడో నెలలో ఆగిపోయేది. ఇవేవీ కుదరకపోతే సరైన బట్టలతో మామూలు టైంలోనే దిగమనండి. ఈ మాట చెప్పినందుకు నన్ను కొందరు తిట్టారు, అయినా మళ్లీ అదే చెప్తాను.

ఏజెన్సీ పంపే మనిషిని ఎలా పరీక్షించాలి? ఎర్ర టీషర్టు వెనక "లైఫ్‌గార్డు" అని ముద్రించి హౌస్‌కీపింగ్ కుర్రాణ్ణి పంపడం మన నగరంలో మామూలే. సర్టిఫికెట్ అడగండి. రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఇచ్చేది, గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఇచ్చేది అందరూ గుర్తించేవి. దాని మీద గడువు తేదీ చూడండి, ఆధార్‌తో పేరు సరిచూడండి. తర్వాత నీళ్లలో దించండి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, వేగం కంటే అలసట చూడండి. పూల్‌లో అన్నిటికన్నా లోతైన చోట ఒక ఇటుక వేసి తెమ్మనండి. మీలో లావుగా ఉన్నవాళ్లు ఒకరు నీళ్లలో ఒళ్లు వదిలేస్తే ఆ మనిషిని పూల్ పొడవునా లాక్కొచ్చి, గట్టు మీదికి ఎక్కించాలి. చాలామంది ఈ ఎక్కించడం దగ్గరే ఆగిపోతారు. చివరగా ఒక ప్రశ్న: "ఎవరైనా మునుగుతున్నట్టు కనిపిస్తే ముందు ఏం చేస్తావు?" "దూకేస్తాను సార్" అన్నవాడికి శిక్షణ లేదు. "విజిల్ వేస్తాను" అన్నవాడికి ఉంది. ముందు విజిల్ వేస్తేనే ఇంకొకరు 108కి ఫోన్ చేస్తారు, మిగతావాళ్లు నీళ్లలోంచి బయటికి వస్తారు.

తర్వాత సీపీఆర్, అంటే ఊపిరి, గుండె ఆగిన మనిషికి నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కడం. ఇది లైఫ్‌గార్డుకే కాదు, మీ సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కీ, క్లబ్‌హౌస్ మేనేజర్‌కీ, వచ్చేవాళ్లుంటే తల్లిదండ్రులకీ నేర్పించండి. మునిగిన మనిషికి ముందు ఊపిరి కావాలి. గుండెపోటుకి చెప్పే "చేతులతో ఛాతీ నొక్కితే చాలు" అన్న పద్ధతి ఇక్కడ చాలదు, ఎందుకంటే ఇక్కడ గుండె ఆగింది ఆక్సిజన్ లేక. ఊపిరి ఆడకపోతే ముందు నోటితో రెండు ఊపిరులు, తర్వాత 30 నొక్కులు, 2 ఊపిరులు, అలా అంబులెన్స్ వచ్చే దాకా. నొక్కుల వేగం నిమిషానికి 100 నుంచి 120. పెద్దవాళ్లకి ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, పిల్లలకి ఛాతీ మందంలో మూడో వంతు. ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే చిన్న యంత్రం) ఉంటే తెప్పించండి, దాని కోసం ఊపిరి ఇవ్వడం ఆపొద్దు. మన ఊళ్లలో బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కుతారు, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పుతారు. వాటితో కడుపులో నీళ్లు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నవాళ్లని కూడా ఆసుపత్రికి పంపాల్సిందే, ఊపిరితిత్తుల్లో దిగిన నీళ్లు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు.

108 మన హైదరాబాద్‌లోనే 2005లో మొదలైంది, మనకి అలవాటైన నంబరే. కానీ మీ గేటు నుంచి పూల్ దాకా అంబులెన్స్ ఎలా వస్తుందో ఒకసారి నడిచి చూడండి. పూల్ క్లబ్‌హౌస్ మూడో అంతస్తులో ఉంటే స్ట్రెచర్ లిఫ్టులో పడుతుందా? గేటు దగ్గర యాప్‌లో ఓటీపీ అడిగే గార్డుకి అంబులెన్స్‌ని ఆపొద్దని చెప్పారా? దీన్ని రిహార్సల్ చేసిన అసోసియేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

లైఫ్‌గార్డు లేని వేళల్లో పూల్‌కి తాళం ఉండాలి, ఇది ఆయన జీతమంత ముఖ్యం. చిన్నపిల్లలు ఈతకొచ్చి మునగడం ఒక రకం, మధ్యాహ్నం బంతి కోసం వచ్చి పడిపోవడం ఇంకో రకం. గేటు దానంతటదే మూసుకోవాలి, గడియ చిన్నపిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. ఆస్ట్రేలియాలో కంచె ఎత్తు కనీసం 1.2 మీటర్లు, గడియ 1.5 మీటర్ల ఎత్తులో పెడతారు, గేటు పూల్ నుంచి బయటి వైపుకి తెరుచుకుంటుంది. అదే కొలత మీరూ తీసుకోండి, మన ఫ్యాబ్రికేటర్ ఒక్కరోజులో చేసిచ్చే పని. గేటుకి అడ్డంగా కుర్చీ పెట్టి తెరిచి ఉంచడం కనిపిస్తే జరిమానా వేయండి.

మిగతావి త్వరగా చెప్తాను. గోడకి తాడు కట్టిన రింగ్, ఒక పొడుగాటి కర్ర, సీపీఆర్‌కి మాస్కు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలి. అడుగు జాలీ విరిగినా, ఊగినా ఆ రోజే పూల్ మూయాలి. గట్టు మీద నిలబడి ఆ జాలీ స్పష్టంగా కనపడకపోతే నీళ్లు మసకగా ఉన్నట్టే, అప్పుడూ మూయాలి. క్లోరిన్ లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతాం. నీటి నాణ్యతకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 3328 ఉంది, ఏజెన్సీని ఆ నంబరుతోనే అడగండి. నీళ్లలో లైట్లు 12 వోల్టులవే ఉండాలి, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. లైటులోకి నీళ్లు చేరితే ఎలక్ట్రీషియన్ వచ్చే దాకా కరెంటు తీసి పూల్ మూసేయాలి. ఉరుము వినపడితే అందరూ బయటికి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి దిగాలి. చేతులకి వేసే గాలి బుడగలు, ట్యూబులు ఆట సామాన్లు, అవి ఉన్నాయని ఏ తల్లీ ఫోన్ చూసుకోకూడదు.

డబ్బు లెక్క మీటింగ్‌లో ఇలా పెట్టండి. 48 వేలు 180 ఫ్లాట్లకి పంచితే ఫ్లాటుకి నెలకి 267 రూపాయలు. అది కూడా వద్దంటే ఒక్క లైఫ్‌గార్డుతో, పెద్ద పూల్, పిల్లల పూల్ వేర్వేరు వేళల్లో తెరవండి. సోమవారం సెలవు పెట్టి ఆ రోజు శుభ్రం చేయించండి. డిసెంబరు, జనవరిలో ఎలాగూ ఎవరూ దిగరు, అప్పుడు మూసేయండి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా పూల్ తెరిచి ఉంటుందని బ్రోషర్‌లో బిల్డర్ రాశాడు కాబట్టి మీరు నిలబెట్టాల్సిన పనిలేదు.

ఏజెన్సీ ఒప్పందంలో మాత్రం ఈ ఒక్క వాక్యం లేకుండా సంతకం పెట్టకండి: లైఫ్‌గార్డు రాని రోజు పూల్ తెరవరు, బదులు మనిషిని పంపినా అదే పరీక్ష పెట్టి తీసుకుంటారు. వాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో కొటేషన్ తెప్పించండి. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉందో, లైఫ్‌గార్డు లేనప్పుడు అది వర్తిస్తుందో లేదో కూడా పాలసీ కాగితంలోనే చదవండి, ఏజెంటు మాట నమ్మొద్దు.

చివర్లో మీరు రాసిన ఇంకో మాట: వీకెండ్‌లో పుట్టినరోజు పార్టీలకి పూల్ అద్దెకిచ్చి లైఫ్‌గార్డుల ఖర్చు రాబట్టుకుందామన్న ఆలోచన. ఈ ఎండాకాలానికి దాన్ని పక్కన పెట్టండి. పూల్ పార్టీలో పెద్దవాళ్లు ఇరవై మంది ఉంటారు, పొయ్యి మీద పాలు పెట్టి నలుగురూ వంటింట్లోనే ఉన్నట్టు, ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. వచ్చే పిల్లలకి ఈత వచ్చో రాదో మీకు తెలీదు. పైగా బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకున్న రోజు నుంచి మీది వ్యాపారం అవుతుంది, ట్రేడ్ లైసెన్స్ ప్రశ్న వస్తుంది, ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అదే అంటుంది. తప్పదంటే ఆ పార్టీకి అదనంగా ఒక లైఫ్‌గార్డుని పెట్టి ఆ ఖర్చు వాళ్ల బిల్లులోనే వేయండి. మద్యం ఉంటే పూల్‌కి తాళం వేసి, పార్టీ క్లబ్‌హౌస్ లోపల చేసుకోమనండి.